వంతెన కింద పెట్టిన బండి

నేను మొదలుపెట్టిన పనులు చాలా ఉన్నాయి. పూర్తి చేసినవి చెప్పమంటే మాత్రం కాస్త టైమివ్వాలి. అనంతపురంలో డిగ్రీ రెండో ఏడు దాకా చదివాను. ఇంటి చుట్టూ ప్రహరీ మొదలుపెట్టి, రోడ్డువైపు గోడ మాత్రం లేపి, మిగతా మూడు వైపులా మేకలకు వదిలేశాను. చేలో బావి తవ్వడం మొదలుపెట్టి, బండ తగలగానే పైకి వచ్చేశాను. మా బెళుగుప్ప వైపు బండ తగలని బావి ఉండదు, అది వేరే సంగతి. మా ఊరికి వచ్చి విష్ణువర్ధన్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. సగం విష్ణు అని అడగండి, చెయ్యి పట్టుకుని తెచ్చి వాకిట్లో దిగబెడతారు. ఆ పేరు పెట్టింది మా పక్క చేను తిప్పన్న. నాలో నిండుగా ఉన్నది మీసం ఒక్కటేనని ఆయన అభిప్రాయం.

అలాంటి నేను తొంభై ఎనిమిది ఎండాకాలంలో, నా పాత బుల్లెట్ మీద నేపాల్‌లోని కాఠ్మండు దాకా పోయి వస్తానని ఊరందరి ముందూ ప్రకటించాను.

ఎందుకంటే చెప్పడం కష్టం. అప్పటికి మూడేళ్లుగా వాన సరిగా లేదు. చేలో పని లేదు. ఊళ్లో మగవాళ్లందరం పొద్దున్నుంచీ వంక మీది బ్రిడ్జి కింద కూర్చునేవాళ్లం. మా వంకలో నీళ్లు పారడం నా చిన్నప్పుడు ఒకసారి చూశానని మా అమ్మ చెబుతుంది, నాకు గుర్తు లేదు. ఏడాది పొడుగునా పొడి ఇసుకే. బ్రిడ్జి కింద మాత్రం చల్లటి నీడ. పేకాట అక్కడే, పంచాయితీ అక్కడే. బాలప్ప అద్దం తగిలించి క్షవరం చేసేదీ అక్కడే. శెనక్కాయ మూటలు, మేకలు, బళ్లు అన్నీ అక్కడే. ఆ బ్రిడ్జిని నీడ కోసం కట్టారని మా ఊరి పిల్లలు ఇప్పటికీ అనుకుంటారు.

ఆ నీడలో ఒక రోజు మాట మీద మాట వచ్చింది. "నీ బండి ఉరవకొండ దాటితే నా మీసం తీపిచ్చుకుంటా" అన్నాడు తిప్పన్న. "ఉరవకొండ ఏంది, కాఠ్మండు దాకా పోతుంది" అన్నాను నేను. కాఠ్మండే ఎందుకన్నానంటే, దేశం దాటి పోయినా రోడ్డు ఉండే ఊరు ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది అదొక్కటే.

ఇంటికి పోతూ నేను ధైర్యంగానే ఉన్నాను. హేమ ఒప్పుకోదు, ఆడదాని మాట కాదనలేక ఆగిపోయానని చెప్పుకోవచ్చు. హేమ మా మేనత్త కూతురు, నా భార్య. చాటలో బియ్యం ఏరుతూ నా మాటంతా విన్నది.

"పోయి రా బావా" అన్నది.

"అంత దూరం..." అని నేనే నసిగాను.

"దూరమైతే ఏం. ఒకటే మాట. ఈ ఒక్కటన్నా ముగించుకుని రా. నువ్వు ఒక పని ముగించింది కంటితో చూడాలని ఉండాది నాకు."

ఎగతాళి చేస్తోందేమోనని మొహంలోకి చూశాను. నవ్వడం లేదు. ఊరంతా కలిసి ఇన్నేళ్లు వెక్కిరించినా తగలని చోట ఆ మాట తగిలింది. పూర్తి చేసే వస్తానని మాటిచ్చాను. అప్పుడు నిజంగానే అనుకున్నాను కూడా.

బయలుదేరాను. ఉరవకొండ దాటింది. తిప్పన్న మీసం సంగతి నేను మళ్లీ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. హైదరాబాదు, నాగపూరు, ఆ పైన నాకు నోరు తిరగని ఊళ్లు. దారిలో ఎక్కడ ఆగినా ముందు బండికి నీడ వెతికేవాణ్ణి. మా సీమ మనిషికి బండి విషయంలో ఒకటే భయం, ఎండ. ఎండకు సీటు పగులుతుంది, రంగు వెలిసిపోతుంది, ట్యాంకులో పెట్రోలు ఆవిరైపోతుంది. నేను చెట్టు కిందో చూరు కిందో బండి పెట్టి, దాని పక్కన ఎండలో నిలబడి టీ తాగేవాణ్ణి. అట్లా జూన్ మొదటికి నేపాల్‌లో అడుగుపెట్టాను.

అక్కడ మైదానం అయిపోయి కొండలు మొదలయ్యే చోట, రోడ్డు పక్కన దిల్‌మాయా అనే ఆమె టీ అంగడి ఉంది. వయసులో నాకంటే పెద్దది. దీదీ అని పిలిచాను. ఆమెకు హిందీ కొద్దిగా వచ్చు, నాకు అనంతపురం హిందీ వచ్చు. ఇద్దరికీ బాగానే సరిపోయింది. ఎదురుగా రోడ్డు మలుపు తిరిగి కొండ ఎక్కుతోంది. ఇంకొక్క రోజు పోతే కాఠ్మండు అని చెప్పింది. ఆ రాత్రికి అక్కడే ఉండి, పొద్దున్నే పక్క బజారులో ఫోను దొరికితే మా ఊరి అంగడికి చేశాను. రేపు ఈ వేళకు కాఠ్మండులో ఉంటానని గొప్పగా చెప్పుకుందామని.

హేమ ఫోను దగ్గరికి వచ్చింది. నన్ను మాట్లాడనివ్వలేదు.

"బావా, వానొచ్చింది."

"ఎంత?"

"చేనంతా పదునైంది. ఊరంతా గొర్రులు కడతాండారు."

పదును అంటే ఏమిటో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. వాన పడ్డాక విత్తనం మొలిచేంత తేమ నేలలో నిలిచేది కొద్ది రోజులే. ఆలోగా గొర్రు కట్టి విత్తనం వేయాలి. దాటిందంటే మళ్లీ ఆకాశం వంక చూస్తూ కూర్చోవడమే. మూడేళ్లుగా చూస్తూనే కూర్చున్నాం. ఫోను పెట్టేశాక నా కాళ్లు ఒక చోట నిలవలేదు. కాఠ్మండు ఎక్కడికీ పోదు, పదును పోతుంది. బండి మీద వెనక్కి పోతే చాలా రోజులు పడుతుంది. బస్సులో సరిహద్దు దాటి గోరఖ్‌పూర్‌లో రైలెక్కితే తొందరగా పోవచ్చు. విత్తనం వేసి వెంటనే తిరిగి వస్తాను, మిగిలిన ఆ ఒక్క రోజూ పూర్తి చేస్తాను. లెక్క చాలా బాగుంది. నా లెక్కలన్నీ మొదట్లో బాగానే ఉంటాయి.

బండి పెట్టడానికి దీదీ తన మేకల కొట్టం చూపించింది. అంగడి వెనక, ఎత్తు మీద ఉంది. పోయి చూశాను. పైన రేకులు, లోపల నిప్పుల కొలిమి. సీటు వారం రోజుల్లో పగిలిపోతుంది. దిగి వస్తూ ఉంటే కనిపించింది, రోడ్డు మీద పెద్ద వంతెన. వెడల్పాటి నది, చుక్క నీళ్లు లేవు. తెల్లటి పొడి ఇసుక. వంతెన కింద చల్లటి నీడ. నాకు మా ఊరికి వచ్చినట్లే అనిపించింది.

"ఇక్కడ పెడతాను దీదీ" అన్నాను.

"వానాకాలం వస్తోంది. నీళ్లు రావా?" అన్నది.

"మా ఊళ్లో కూడా వస్తాయి. చెప్పులు తడిసేంత వస్తాయి" అని, కూర్చోబెట్టి ఆమెకు వాన గురించి చాలాసేపు చెప్పాను. వాన ఎప్పుడూ ముందు బెదిరిస్తుందని, తర్వాత పక్క ఊరికి పోతుందని, మబ్బును చూసి తొందరపడకూడదని. హిమాలయాల కింద పుట్టి పెరిగిన మనిషికి బెళుగుప్ప మండలం నుంచి పోయి నేను వాన గురించి పాఠం చెప్పాను. ఆమె మర్యాదస్తురాలు, టీ గ్లాసులు కడుక్కుంటూ మొత్తం విన్నది.

వంతెన స్తంభానికి నా తల కంటే బాగా ఎత్తున ఎండు కొమ్మలు, గడ్డి, ఒక చింకి గుడ్డ చుట్టుకుని ఉన్నాయి. ఏదో పక్షి గూడు పెట్టుకుందని అనుకున్నాను. మంచిది, బండికి తోడు ఉంటుందని కూడా అనుకున్నాను. దొంగల భయానికి గొలుసు వేసి బండిని అదే స్తంభానికి కట్టి, తాళం జేబులో వేసుకున్నాను. నా జీవితంలో చేసిన తెలివైన పని అదొక్కటే. అదీ వేరే భయంతో చేసింది.

బస్సు, రైలు, మళ్లీ రైలు, మళ్లీ బస్సు. దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా చేనికి పరిగెత్తాను. చేను ఆ చివర నుంచి ఈ చివర దాకా గొర్రు సాళ్లు తీర్చినట్లు ఉన్నాయి. హేమ గట్టు మీద కూర్చుని కాళ్లకు అంటిన మట్టి దులుపుకుంటోంది. తిప్పన్న ఎడ్లను విప్పుతున్నాడు.

"ఏం బావా, ఈడ ఉండావు?" అన్నది హేమ.

"విత్తనం వేసేదానికి వచ్చినా."

"అయిపోయిందే. తిప్పన్న గొర్రు పట్టినాడు, నేను విత్తనం వేసినా."

"వానొచ్చిందని నువ్వే చెప్తివి కదా?"

"వానొచ్చిందని చెప్తి. రమ్మంటినా నేను?"

గుర్తు చేసుకుని చూశాను. నిజమే, రమ్మనలేదు.

"కాఠ్మండు చూసినావా?" అని అడిగింది.

"ఇంకొక్క రోజు పోయింటే..."

హేమ లేచి చీర దులుపుకుని ఇంటి దారి పట్టింది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. ఆమె మొహంలో ఏదో కొంచెం మిగిలి ఉండేది, అది కూడా ఆరిపోవడం నేను చూశాను. నాకు చాలా సిగ్గేసింది.

తిప్పన్నకు అలాంటి మొహమాటాలు లేవు. "బండి యాడప్పా?" అన్నాడు.

"నేపాల్‌లో భద్రంగా పెట్టి వచ్చినా. బ్రిడ్జి కింద."

"మంచి పని చేసినావు. నీడ ఉంటాది."

సాయంత్రానికి ఊరంతా అదే మాట. బ్రిడ్జి కింద పేకాడేవాళ్లంతా నా తెలివిని మెచ్చుకున్నారు. బాలప్ప అయితే, పరాయి దేశంలో కూడా అంత మంచి చోటు దొరకడం అదృష్టమన్నాడు. ఊరు మొత్తంలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నీళ్ల మాట ఎత్తలేదు.

శెనక్కాయ మొలిచింది. ఇంకో వాన పడగానే కలుపు తీయించి నేపాల్ పోదామనుకున్నాను. వాన పడలేదు. రేపు పడుతుందేమో, నేను లేకపోతే ఎట్లా అని ఆగాను. నేను లేకుండానే విత్తనం పడిన సంగతి గుర్తుండి కూడా ఆగాను. పూత వచ్చింది, వాన రాలేదు. ఆకులు మధ్యాహ్నానికి ముడుచుకుంటూ ఉన్నాయి.

అలాంటి ఒక రోజు అంగడిలో టీవీ వార్తలు వస్తున్నాయి. నేపాల్‌లో వరదలట. ఎర్రటి నీళ్లు, చెట్లు, కొట్టుకుపోతున్న గడ్డివాము. ఒక వంతెన చూపించారు. అది మన వంతెనేనో కాదో తెలియదు గానీ, నీళ్లు రోడ్డుకు జానెడు కిందుగా పారుతున్నాయి. నాకు అప్పుడు అర్థమైంది, స్తంభానికి అంత ఎత్తున గూడు పెట్టిన పక్షి ఏదో.

అందరూ కాసేపు నీళ్లనే చూశారు. అన్ని నీళ్లు మేం ఎప్పుడూ చూడలేదు మరి. కడపటికి తిప్పన్న గొంతు సవరించుకున్నాడు.

"ఏమప్పా, బ్రిడ్జి కింద అంటివి కదా."

ఇక చెప్పుకునేది ఏముంది. మండలమంతా కరువు కింద రాస్తున్న ఏడాది, వరదలో నష్టపోయిన రైతును నేనొక్కణ్ణే. కరువు సాయం కాగితంలో నన్ను వేరే వరసలో రాయాలని బాలప్ప సలహా ఇచ్చాడు. దారిన పోయేవాళ్లు ఆగి, ఏమన్నా, ఈత వచ్చునా నీ బండికి అని అడిగేవాళ్లు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేవాణ్ణి. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అడుగుతారు.

హేమ మాత్రం నవ్వలేదు. "మళ్లీ ఎప్పుడు పోతావు?" అన్నది.

"ఇంకెందుకు? బండే పాయె."

"బండి పాయె. మాట యాడికి పోయింది?"

పైరు ఎండే దాకా పైరు వంక పెట్టాను. పైరు ఎండింది. పీకితే చెట్టుకు రెండు మూడు లొట్ట కాయలు. ఎండు చెట్టు పశువులకు వామి వేశాక నాకు వంకలు కూడా అయిపోయాయి. పోతానన్నాను.

"నేనూ వస్తా" అన్నది హేమ. "నిన్ను ఒంటిగా పంపితే గుంతకల్లులోనే రైలు దిగేస్తావు."

పోయాం. దీదీ నన్ను చూసి, అప్పుడే పోయి అప్పుడే వచ్చినవాణ్ణి పలకరించినట్లు టీ ఇచ్చింది. నది సన్నబడి చిన్న పాయగా, ఏమీ ఎరగనట్లు పారుతోంది. బండి పోయిందని నేను మనసులో ఖాయం చేసుకుని వచ్చాను. ఆమె మేకల కొట్టం వైపు చెయ్యి చూపించింది. నీళ్లు తగ్గాక ఇసుకలో నుంచి హ్యాండిల్ బయటికి కనిపించిందట. మొదట బర్రె కొమ్ములనుకున్నారట. తమ్ముణ్ణి, ఇరుగుపొరుగును పిలిచి తవ్వి తీస్తే బండి. గొలుసు పట్టుకుని ఉండడం వల్ల కొట్టుకుపోలేదు. తాళం నా జేబులో బెళుగుప్పలో ఉంది గనక గొలుసు కోశారు. అందరూ కలిసి మోసుకొచ్చి, నేను వద్దన్న కొట్టంలోనే పెట్టారు. హ్యాండిల్‌కు మేకల మేత వేలాడుతోంది.

హేమ వంతెన దగ్గరికి పోయి చుట్టూ చూసింది. స్తంభానికి పాత గూడు లేదు, దాని కంటే ఎత్తున కొత్తది ఉంది.

"బావా, అదేంది?"

"పోయినసారి చూసి పక్షి గూడనుకున్నా."

హేమ ఆ గూటిని చూసింది, నా మొహం చూసింది. ముందు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత ఇసుకలో కూలబడి నవ్వింది. కళ్లలో నీళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. విత్తనం రోజు నుంచి ఆమె నవ్వగా నేను చూడలేదు. నా మీదే అయితేనేం, నాకు ప్రాణం లేచి వచ్చింది.

బజారులో మెకానిక్ బండి విప్పాడు. ఎక్కడ విప్పినా ఇసుకే. సైలెన్సర్‌లో నుంచి ఎండిన చేపపిల్ల ఒకటి రాలింది. మా ఊళ్లో చేప చూడాలంటే సంతకు పోవాలి. నా బండిలోనే కాపురం పెట్టింది. కొన్ని దినాలు కడిగి, తుడిచి, మార్చి, చివరికి అతను కిక్కు కొడితే దగ్గి, తుమ్మి, లేచింది. ట్యాంకు సొట్ట, లైటు లేదు, సీటు మాత్రం ఎక్కడా పగల్లేదు.

రోడ్డు మీదికి తెచ్చి హేమను ఎక్కించుకున్నాను. ఒక పక్క మైదానం, ఇంటి దారి. ఇంకో పక్క కొండ. హ్యాండిల్ దానంతట అదే ఇంటివైపు తిరిగింది.

"యాడికి?" అన్నది వెనక నుంచి.

"ఇంటికే. ఈ ఇంజను ఘాట్ రోడ్డు ఎక్కదు. బండి దొరికింది, అది చాల్దా?"

"పైకి పో బావా."

పైకే పోయాం. ఎక్కలేని చోట హేమ దిగి నడిచింది, ఇంకా ఎక్కలేని చోట వెనక నుంచి తోసింది. ఒక రోజు అనుకున్నది రెండు రోజులైంది. కాఠ్మండు చేరేసరికి ఇద్దరికీ చలితో పళ్లు టకటకలాడుతున్నాయి. బజారు నడుమ ఒక గుడి ముందర బండి ఆపాను. అంతకంటే పోవాల్సింది ఏమీ లేదు.

"ముగిసిందా బావా?" అన్నది.

"ముగిసింది" అన్నాను. ఆ మాట నా నోటి వెంట రావడం నాకే కొత్తగా ఉంది. ఇంత మీసం పెట్టుకుని నడిబజారులో ఏడ్చాను. హేమ పక్కకు తిరిగి గుడి చూస్తున్నట్లు నిలబడింది.

సరిహద్దులో బండి పర్మిట్ గడువు మీరినందుకు జరిమానా కట్టి బయటపడ్డాం. గోరఖ్‌పూర్‌లో రైలు మాట ఎత్తబోయాను, ఎత్తనివ్వలేదు. వచ్చిన దారంతా బండి మీదే తిరిగి వచ్చాం.

ఊరు చేరేసరికి అందరూ బ్రిడ్జి కిందే ఉన్నారు. మమ్మల్ని చూసి లేచారు. బాలప్ప తన కుర్చీ పక్కకు లాగి, నీడలో మంచి చోటు నాకోసం ఖాళీ చేశాడు. నేను బండిని అక్కడికి తీసుకుపోలేదు. వంక పక్కనున్న దిబ్బ ఎక్కించి, మిట్టమధ్యాహ్నం ఎండలో స్టాండు వేశాను.

"ఏమప్పా, ఆడ పెడతాండావు?" అన్నాడు తిప్పన్న. "ఎండకు సీటు పగుల్తుంది. ఈ నీడన పెట్టు."

"వానొస్తే?" అన్నాను.

ఒక్క క్షణం అందరూ పొడి వంకను చూశారు, మబ్బు తునక లేని ఆకాశాన్ని చూశారు. తర్వాత బ్రిడ్జి అదిరేట్లు నవ్వారు. తిప్పన్న చేతిలో పేకముక్కలు ఇసుకలో పడ్డాయి. నాకూ నవ్వొచ్చింది.

హేమ నవ్వలేదు. సంచి తీసుకుని ఇంటికి పోయింది. మేమింకా నవ్వుతుండగానే తిరిగి వచ్చింది. భుజాన గడ్డపార, చేతిలో గంప. గడ్డపార నా ముందర నేలకు ఆనించింది.

"వానొస్తే అంటివి కదా బావా" అన్నది. "వానొస్తే నీళ్లు నిల్చేదానికి బావి ఉండొద్దా?"

బండ తగిలి వదిలేసిన బావి నాకు గుర్తొచ్చింది. ఆమె ఎప్పుడూ మర్చిపోలేదని అప్పుడే తెలిసింది. గడ్డపార తీసుకుని, బండిని ఎండలోనే వదిలి, ఆమె వెంట చేను దారి పట్టాను. వెనక నుంచి తిప్పన్న పిలిచాడు. ఏ పేరు పెట్టి పిలిచాడో నేను ఆగి వినలేదు.